పని లేని బల్ల

రాజావారి పుట్టినరోజుకి కచేరీ గుమాస్తాలకు టేబుల్ టెన్నిస్ పోటీ పెట్టే భారం బంట్రోతు సింహాద్రి నెత్తిన పడింది. బ్యాట్లొచ్చాయి, బంతులొచ్చాయి, వలొచ్చింది. బల్లే లేదు. వెళ్ళి అడిగితే దివాన్ గారు కసురుకున్నారు.

"పని జరిగే బల్ల ఒక్కటి ముట్టుకున్నావో, నీ ఉద్యోగం ఊడుతుంది!"

సింహాద్రి కచేరీ అంతా కలియతిరిగాడు.

మర్నాడు రాజావారిని వెంటబెట్టుకొచ్చిన దివాన్ గారికి తన గదిలోనే, తన పొడవాటి టేకు బల్ల మీదే కట్టిన వల కనిపించింది.

"ఎంత పొగరురా నీకు!"

"తమరు చెప్పినట్టే చేశానండి. మిగతా బల్లలన్నిటి మీదా పని జరుగుతోంది. దీని మీదా జరుగుతున్నట్టు తమరొక్క కాగితం చూపిస్తే, ఇప్పుడే వల విప్పేస్తాను."

రాజావారు చూస్తుండగా దివాన్ గారు సొరుగులన్నీ వెతికారు. తమలపాకులు దొరికాయి.

రాజావారు ఓ ఆకు నోట్లో వేసుకుని, బ్యాటు అందుకున్నారు.