పక్క బల్ల

రామతులసికి పని రాదని ఎవరూ అనలేదు. ఆమె బాధంతా అక్కడే ఉంది. పని రాకపోతే నేర్చుకోవచ్చు. బాగా వచ్చిన పనికి దక్కాల్సిన మర్యాద పక్క బల్లకు పోతుంటే ఏం నేర్చుకుని ఆపాలి?

ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టు మేడ మీద ఖాదర్ వలి సార్ ఇన్‌కంటాక్స్ రిటర్నులు వెయ్యడం నేర్పేవారు. పన్నుల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. మాటలు తక్కువ. వేసవిలో కోర్సు చెప్పి, జూన్ జూలైల్లో రిటర్నుల సీజన్ రాగానే తన శిష్యుల్లోనే ఒకరిద్దరిని పనికి పెట్టుకునేవారు.

తులసి లెక్కలు రాసిన నగల కొట్టు మూతపడి చాలా రోజులయింది. ఈ సీజన్ నిలబెట్టుకుంటే ఏటా ఈ కుర్చీ తనకే అని సార్ మాటిచ్చారు. పోగొట్టుకుంటే మళ్లీ కొట్టుకొట్టూ ఎక్కి దిగడమే. అందుకే కోర్సులో ప్రాణం పెట్టి చదివింది. ఏ లెక్కయినా అందరికంటే ముందు తేల్చింది. సార్ ఆమెను సీజన్‌కు ఉండమన్నారు. ఆమెతో పాటు చౌడేశ్వరిని కూడా ఉండమన్నారు. చిక్కు ఆ రెండో మాటతో వచ్చింది.

చౌడేశ్వరిది నిదానం చెయ్యి. నోరు మాత్రం నిదానం కాదు. రిటైరైన టీచరమ్మ వస్తే మోకాళ్ల నొప్పి సంగతి, బ్యాంకాయన వస్తే కూతురి పెళ్లి సంగతి, అన్నీ అడిగిగానీ కాగితాలు ముట్టుకోదు. తులసి ముగ్గురిని పంపేలోపు ఆమె ఒకరిని పంపేది. అయినా జనం ఆమె ముందే బెంచీ మీద కూర్చునేవాళ్లు. "పర్వాలేదులే, ఆ పాపతోనే చేయించుకుంటాం" అనేవాళ్లు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. తులసి ఆ కూర రుచి కూడా చూడలేదు, వాసనకే నిద్ర కరువైంది. అన్నిటికంటే ఎక్కువ మండింది టీ దగ్గర. పదకొండింటికి టీ వస్తే సార్ గ్లాసు పట్టుకుని పోయి చౌడేశ్వరి బల్ల పక్కన కూర్చుని తాగేవారు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "టీ అక్కడే ఎందుకు తాగుతారు సార్?"

"ఫ్యాన్ గాలి ఆడ బాగా వస్తాదిమా" అన్నారు సార్.

తులసి నమ్మలేదు. కళ్లల్లో నిప్పులు పోసుకున్న మనిషికి ఫ్యాన్ గాలి ఏం తెలుస్తుంది?

ఆ వారంలోనే ఒక ఆర్టీసీ డ్రైవరు రిటర్నులో బ్యాంకు ఖాతా అంకె తప్పు కొట్టింది. చెవులేమో పక్క బల్ల దగ్గర ఎందుకు నవ్వుతున్నారో అని అటే ఉన్నాయి. ఆయన కాగితాలు పట్టుకుని తిరిగొస్తే సార్ ఆమె చేతే తప్పు దిద్దించి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడమే తులసిని భయపెట్టింది. సాయంత్రం జనం పోయాక ఆయన ముందు నిలబడింది.

"సార్, ఆ యమ్మ ఎదురుగా ఉంటే నాకు చేతులు ఆడవు."

సార్ కళ్లజోడు తీశారు. "లేకుంటే ఆడతాయా?"

"ఆడతాయి సార్."

"అట్లనే."

సార్ వెంటనే ఫోను తీశారు. బస్టాండు దగ్గర తన స్నేహితుడి ఆఫీసులో చౌడేశ్వరికి ఇదే పని ఇప్పించారు. ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. పోతూ పోతూ తన దిండు తెచ్చి తులసి ముందు పెట్టింది. "అక్కా, నీ కుర్చీ గట్టిగా ఉండాది. ఇది వేసుకో." ఆ మంచితనం చూస్తే తులసికి ఇంకా ఒళ్లు మండింది. దిండును బీరువా వెనక్కి తోసేసింది. ఇంటికి పోయి మాత్రం సేమ్యా పాయసం చేసింది.

మర్నాడు ఖాళీ కుర్చీ ఎదురైంది.

వచ్చిన వాళ్లు తులసిని చూసి, ఆ కుర్చీని చూసి, "ఆ పాప రాలేదా?" అన్నారు. అడగనివాళ్లు కూడా మనసులో అడుగుతున్నారనే ఆమెకు అనిపించింది. అంకె కొట్టడం, అటు చూడడం. మళ్లీ కొట్టడం, మళ్లీ చూడడం. సాయంత్రం నడిచి ఇంటికి పోతూ బస్టాండు వైపు చుట్టు తిరిగి పోయింది. ఆ స్నేహితుడి ఆఫీసు మేడ మెట్ల మీద జనం నిలబడి ఉన్నారు. ఎవరి కోసమో వేరే చెప్పాలా?

"సార్, ఆ బల్లా కుర్చీ తీసేస్తే బాగుంటాది" అంది పొద్దున్నే.

సార్ లేచారు. డెబ్బై ఏళ్ల మనిషి, కుర్చీని తానే మోసుకెళ్లి వరండాలో పెట్టారు. కింద కొట్టు మనిషిని పిలిచి, బల్లకు ఒక పక్క తానూ పట్టారు. ఎందుకని అడగలేదు.

బల్ల పోయినచోట నేల తెల్లగా, నలుచదరంగా మిగిలింది. తులసి కళ్లు వెళ్లి దానిమీద కూర్చున్నాయి. రెండు రోజులు ఓర్చుకుని, "అక్కడ బీరువా పెడదామా సార్?" అంది. సార్ బీరువా జరిపించారు. దాని వెనక తోసేసిన దిండు దొరికితే దులిపి ఆమె కుర్చీలో వేశారు. తులసి దానిమీదే కూర్చుంది. మెత్తగానే ఉంది. అదీ కష్టంగానే ఉంది.

ఆ మధ్యాహ్నం ఆర్టీసీ డ్రైవరు మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన తండ్రి పేరు తప్పు పడింది. రెండో తప్పు, అదే మనిషికి. సార్ మూల కూర్చుని వింటూనే ఉన్నారు.

"మీ నాయన పేరేమన్నారు?"

"పెద్ద ఓబులేసు."

ఇనప బీరువా మీద ఎండ పడింది. ఇప్పుడు బస్టాండు దగ్గర ఆ మేడ మీద ఎంతమంది ఉంటారో. టీ ఎవరు తెచ్చి ఇస్తారో.

"నాయన పేరు..."

"పెద్ద ఓబులేసు మా."

"ఆఁ. నాయన పేరు?"

డ్రైవరు నోరు తెరిచి సార్ వైపు చూశాడు. "ఏంది సార్ ఇది? మా నాయన బతికుండంగా కూడా ఇన్నిసార్లు పిలిచినోళ్లు లేరు."

తులసి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సీజన్ పోయింది, కుర్చీ పోయింది అనుకుంది. లేచి సార్ దగ్గరికి వెళ్లింది. నోటికి ఒకటే మాట వచ్చింది.

"సార్, ఆ బీరువా..."

సార్ టీ గ్లాసు కింద పెట్టారు. కిటికీలో మేకులు కొట్టే సుత్తి ఉంటే తీసుకున్నారు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, బీరువా పక్కన గోడ దగ్గర నిలబడి, సుత్తితో ఒక దెబ్బ వేశారు. సున్నం పెచ్చు ఊడి కింద పడింది.

డ్రైవరు బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు.

సార్ ముఖంలో కోపం లేదు, ఎగతాళీ లేదు. మేస్త్రీ ఇంటావిడను అడిగినట్టు అడిగారు.

"గోడే గదమ్మా మిగిలింది. యాడి నుంచి మొదలుపెట్టేది, చెప్పు."

సుత్తి ఎత్తి పట్టుకుని జవాబు కోసం నిలబడ్డారు.

తులసి ఆ గోడ వైపు చూడలేకపోయింది. వచ్చి తన కుర్చీలో కూర్చుంది. చేసేదేమీ లేక ఎదురుగా ఉన్న డ్రైవరును చూసింది. ఆయన కళ్లజోడుకు ఒక కాడ విరిగితే నల్లదారంతో కట్టుకుని ఉన్నాడు. ఆయన ఈ కుర్చీ ముందు కూర్చోవడం ఇది మూడోసారి.