వెళ్ళొస్తాను

విశాఖలో ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసే ఒక చిన్న కంపెనీలో ఉపద్రష్ట సూర్యకాంతిగారంటే అందరికీ గురువే. ఇక్కడ సాయంత్రం పని ముగించే వేళకు చిలీ దేశంలో తెల్లారుతుంది. మిగిలిన పని అక్కడివాళ్ళు అందుకుంటారు. వాళ్ళకు రాసి పెట్టే అప్పగింత చీటీ ఇంగ్లీషులో ఉన్నా సరే, చివర 'వెళ్ళొస్తాను' అన్న మాట ఉండి తీరాలన్నది ఆవిడ పట్టు.

శిష్యుడు మురారికి ఇది చాదస్తంగా తోచింది. పైగా చిలీలో ఇసిదోరా అనే ఆవిడ రోజూ తన పనిని సరిచూడటం అతనికి ఒళ్ళుమంట.

"మొహమైనా చూడని మనిషికి ఈ వెళ్ళొస్తాలెందుకు మేడమ్?" అని అడిగేశాడు.

"ఇష్టం లేకపోతే మానెయ్ నాయనా" అన్నారావిడ.

మానేశాడు. ఆ సాయంత్రం బ్లడ్ బ్యాంకుల ప్రోగ్రాం పూర్తిచేసి, 'పని అయిపోయింది, ఆసుపత్రులకు పంపించెయ్యండి' అని రెండు ముక్కలు గిలికి చక్కా ఇంటికి పోయాడు.

మర్నాడు పొద్దున వచ్చి చూస్తే ప్రోగ్రాం వెళ్ళనే లేదు. ఇసిదోరా ఆపేసింది. మురారి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ముందు ఆవిడ చీటీ చదువు" అన్నారు సూర్యకాంతిగారు.

ఇంగ్లీషులో ఉన్న ఆ చీటీ సారాంశం ఇది: "మీరు రోజూ చివర ఒక మాట రాస్తారు. వెళ్ళి మళ్ళీ వస్తానని దాని అర్థమట, మీ మేడమ్ చెప్పారు. ఈ రోజు అది లేదు. మీ మనసు బాగాలేదేమో అనుకున్నాను. అలాంటప్పుడు నా చేతా తప్పులు దొర్లుతాయి. అందుకే రోజూలా మార్చినంతవరకే చూసి ఊరుకోకుండా, మొదటినుంచీ వరుస వరుసా చదివాను. పసిఫిక్ దీవుల ఆసుపత్రుల్లో తేదీ మీకంటే ముందే మారుతుంది. మీ లెక్కలో మాత్రం అక్కడ ఇంకా నిన్నే. గడువు దాటిన రక్తాన్ని మంచిదని చూపిస్తోంది. సరిచేశాను. మీరు కులాసాయేనా?"

మురారి ఆ చీటీని మళ్ళీ మొదటినుంచీ చదివాడు. ఆ రక్తం ఏ బాలింత ఒంట్లోకి ఎక్కి ఉండేదో! భూమికి అవతలి వైపు కూర్చున్న ఒక మనిషి, అతను రాయని మాటను చదివింది. అంత పెద్ద విషయం అతని బుర్రకు ఒకేసారి పట్టలేదు. కళ్ళు తుడుచుకుని, కీబోర్డు విరిగిపోతుందేమో అన్నంత గబగబా జవాబు కొట్టడం మొదలెట్టాడు.

సూర్యకాంతిగారు అతని భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నారు: "మెల్లిగా కొట్టు నాయనా. ఆవిడ ఇప్పుడే పడుకుని ఉంటుంది."