ముప్పై రెండు ఉలికిపాట్లు

సత్యవేణికి ఇంటర్వ్యూ రెండుసార్లు పోయింది, రెండుసార్లూ ఒకే చోట. విదేశాల్లో నర్సు ఉద్యోగానికి పెట్టే పరీక్ష అది. మంచం మీద ఒకావిడ నిద్రపోతున్న రోగిలా పడుకుంటుంది. ఆవిణ్ని లేపి, ఇంగ్లీషులో మాట్లాడి, మందు ఇవ్వాలి. వేణి చెయ్యి వెయ్యగానే ఆవిడ ఉలిక్కిపడి ఏదో అనేది. అదేమిటో అర్థంకాక వేణి నోరెళ్లబెట్టేది. అక్కడితో సరి.

మూడో అవకాశమే ఆఖరిది. అందుకని ఈసారి పంతం పట్టింది. ఇంగ్లీషువాళ్లు ఉలిక్కిపడితే ఏమేమంటారో మొత్తం నోటుపుస్తకంలోకి ఎక్కించి, బట్టీ కొట్టి, పరీక్షకు ముందురోజు పొద్దున్నే సోమయాజులు మేష్టారి ఎదుట కూచుంది. మేష్టారికి చూపు లేదు. అయినా కాకినాడలో ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని ఒడ్డున పడ్డవాళ్లు చాలామందే ఉన్నారు.

"ముప్పై రెండు, మేష్టారూ," అంది, గర్వం దాచుకోకుండా. "యు స్కేర్డ్ మి. యు మేడ్ మి జంప్. యు గేవ్ మి సచ్ ఎ ఫ్రైట్. యు స్కేర్డ్ ద లైఫ్ అవుట్ ఆఫ్ మి, అంటే పైప్రాణాలు పైనే పోయాయని..."

మేష్టారు తలూపుతూ విన్నారు. పంతొమ్మిదో దానికి వచ్చేసరికి, బల్ల కింద వేణి పాదాన్ని చల్లగా ఏదో తాకింది.

"అమ్మ బాబోయ్, పాము!"

వేణి కుర్చీ మీదికి ఎక్కేసింది. పుస్తకం ఎక్కడ పడిందో చూసుకోలేదు. తీరా చూస్తే పామూ కాదు, ఏమీ కాదు, మేష్టారి చేతికర్ర.

"ముప్పై రెండులో ఒక్కటీ రాలేదేమమ్మా?"

"హడలిపోయాను మేష్టారూ. అప్పుడు మాటలెక్కడ గుర్తొస్తాయి?" అంది చిన్నబుచ్చుకుని.

"రోజూ నా కాళ్ల దగ్గర జరిగేదీ ఇదేనమ్మా," అన్నారాయన మెల్లిగా.

వేణి దిగి కూచుంది. వచ్చిన ప్రతిరోజూ చడీచప్పుడు లేకుండా వంగి ఆయన పాదాలు తాకేది తను. ఆయన చటుక్కున కాళ్లు వెనక్కి లాక్కునేవారు. పెద్దాయన మొహమాటం కాబోలనుకుని మురిసిపోయేది. ఎనిమిది నెలలు ఇదే వరస. సిగ్గుపడి, కింద పడ్డ పుస్తకం తీసి మూసేసింది. మిగిలినవి ఆమె అప్పజెప్పలేదు, మేష్టారూ అడగలేదు.

మర్నాడు పరీక్షగది గుమ్మం దగ్గరే ఆగింది. తలుపుకి అంటించిన రోగి పేరు చదువుకుని, రెండుసార్లు తట్టింది.

"గుడ్ మార్నింగ్, మిసెస్ కార్టర్. ఐ యామ్ వేణి, యువర్ నర్స్," అంది నింపాదిగా. అడుగులో అడుగు వేస్తూ, "ఐ యామ్ కమింగ్ టు యువర్ బెడ్ నౌ," అంది.

మంచం మీదావిడ ఉలిక్కిపడలేదు. కళ్లు తెరిచి, తనవాళ్లెవరో వచ్చినట్టు నవ్వి, చెయ్యి చాపింది. ఆ తర్వాత వేణికి మాటల కోసం తడుముకునే పనే పడలేదు. పరీక్ష పెట్టేవాళ్లు అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చినట్టు కాగితం చేతిలో పెట్టారు.

సాయంత్రం గాల్లో తేలుతూ మేష్టారింటికి వచ్చింది. గుమ్మం బయటే ఆగి, ఊపిరి తీసుకుంది.

"మేష్టారూ, నేను వేణిని. లోపలికొచ్చి మీ కాళ్లకు దణ్ణం పెట్టుకుంటాను."

మేష్టారు కాళ్లు కదపలేదు.

"రా తల్లీ," అన్నారు. "ప్రయాణం ఎప్పుడు?"