నాలుగు వందల పన్నెండో సంచి

జోజమ్మ మేడంని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆ బ్లడ్ బ్యాంకులో పాతికేళ్లుగా ఇదే తంతు. వాదనలో ఎవరికీ తలొంచని హిమజ కొత్తగా చేరి, మొదటి వారమే అడిగింది: "కంప్యూటర్లో వెతికేటప్పుడు ఈ బ్రాకెట్లెందుకు మేడం? అవి లేకపోయినా అర్థం తెలుస్తూనే ఉంది కదా?"

మేడం తలెత్తలేదు. అంతలో కిటికీ దగ్గరికి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. పై అంతస్తులో అతని భార్యకు కాన్పయి నెత్తురు ఆగడం లేదు. ఆమెది బి నెగెటివ్. రెండు నెత్తుర్లూ కలిపి చూసే మ్యాచింగ్‌కు వ్యవధి లేదు, వెంటనే ఇవ్వండని చీటీలో డాక్టరు రాత.

"తొందరగా ఇవ్వండమ్మా, మీకు దణ్ణం పెడతా."

"నువ్వే వెతుకు," అంది మేడం హిమజతో.

హిమజ టకటకా కొట్టింది: ఓ నెగెటివ్ ఆర్ బి నెగెటివ్ అండ్ పరీక్ష పూర్తి. ఆ బాలింతకు ఆ రెండు గ్రూపుల్లో ఏదైనా పనికొస్తుంది, రోగాల పరీక్షలో నెగ్గి ఉంటే చాలు. తెర మీద మూడు సంచులు. మొదటిదాన్ని ఫ్రిజ్ కింది అరలోంచి తీసింది. రెండో ఫ్రిజ్ చెడిపోయి, పరీక్ష కాని సంచులు కూడా ఆ పూట ఈ ఫ్రిజ్‌లోనే సర్ది ఉన్నాయి.

అతను కిటికీలోంచి చెయ్యి చాచాడు.

"చదివి ఇవ్వు," అంది మేడం. సంచి మీది చీటీ పైకి చదవనిదే ఏదీ కిటికీ దాటకూడదన్నది అక్కడి కట్టడి. హిమజకు అదంతా చాదస్తం.

"నంబరు నాలుగు వందల పన్నెండు. ఓ నెగెటివ్. పరీక్ష..."

ఆ గడి ఖాళీ.

సంచి చల్లదనం మోచేతిదాకా పాకింది. ఈ నెత్తుట్లో ఏ రోగముందో ఎవరికీ తెలియదు. కంప్యూటర్ మొదట 'అండ్'కు అటూ ఇటూ ఉన్నవాటిని ముడివేసింది. 'పరీక్ష పూర్తి' అన్న షరతు బి నెగెటివ్‌కే అంటుకుంది. ఓ నెగెటివ్ ఏదైనా సరే, దర్జాగా వచ్చి కూచుంది.

"ఏమైందమ్మా?" అన్నాడతను. ఆమె ఆ సంచిని పక్కన పెట్టింది. రెండు గ్రూపులనీ బ్రాకెట్లలో పెట్టి మళ్లీ వెతికింది. ఈసారి ఒక్కటే మిగిలింది. గడిగడీ పైకి చదివి ఇచ్చింది.

గంట తర్వాత పై అంతస్తు నుంచి ఫోన్ వచ్చింది, గండం గడిచిందని. అప్పటికీ హిమజ అరచేతులు వెచ్చబడలేదు.

"మీరు ముందే చూశారా మేడం?"

"నేను తెర వంకే చూడలేదు. అర్థం తెలుస్తూనే ఉందన్నావుగా. నీకు తెలుసు. అతని చేతికి వెళ్లేది నీ మనసులోని అర్థం కాదు, సంచి."