పైడమ్మ కూరమడి

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి చివర ఒక గోనెసంచుల మిల్లు. మిల్లు వెనకాల పనివాళ్ళ ఇళ్ళు, అన్నీ ఒకేలాంటివి, వరసలు వరసలుగా. ఆ ఇళ్ళకి అవతల ఒక ఖాళీ జాగా ఉండేది. బాయిలర్లో కాలిన బొగ్గు నుసంతా తెచ్చి అక్కడే పోసేవారు. గడ్డిపరక కూడా మొలిచేది కాదు తల్లీ అక్కడ.

ఆ ఇళ్ళల్లో సన్యాసమ్మ అని ఒకావిడ, పైడమ్మ అని ఒకావిడ ఉండేవారు. ఈ వరస మొదట్లో ఈవిడ, ఆ వరస చివర్లో ఆవిడ. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవారు. ఒకరోజు ఇద్దరూ కలిసి మేనేజరు దగ్గరికెళ్ళి, "అయ్యా, ఆ జాగా ఇస్తే కూరలు పండించుకుంటాం" అని అడిగారు. ఆయన నవ్వాడు. "నుసిలో ఏం పండుతుందమ్మా. సరే, మీ ఇష్టం" అన్నాడు.

అప్పుడు ఇద్దరూ నడుం బిగించి గంపలతో నుసి ఎత్తిపోశారు. వాళ్ళని చూసి మిగతా ఆడవాళ్ళూ వచ్చారు. ఏటి ఒడ్డు నించి ఒండ్రు మోసుకొచ్చారు, పేడ కలిపారు, మగవాళ్ళు బావి తవ్విపెట్టారు. ఆ తర్వాత జాగానంతా మళ్ళుగా విడగొట్టి పంచుకున్నారు. వంగ, బెండ, గోంగూర, ఆనపపాదులు, చిక్కుడు పందిళ్ళు... నల్లటి నుసి ఉన్నచోట పచ్చగా కళ్ళు చల్లబడేలాగ అయింది.

కూరమళ్ళ సంఘం అని పేరు పెట్టుకున్నారు. సన్యాసమ్మది పెద్ద గొంతు, న్యాయం తప్పదు. అందుకని ఆవిణ్ణి సంఘానికి పెద్దగా ఉండమన్నారు.

అయితే మళ్ళు తక్కువ, ఇళ్ళు ఎక్కువ. దొరకనివాళ్ళు ఎప్పుడు దొరుకుతుందా అని కాచుకుని ఉండేవారు. అప్పుడు అందరూ కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఎవరి మడైనా ఒక కారంతా, అంటే ఒక పంటకాలమంతా, బీడుపడి ఉంటే, అది తీసి కాచుకున్నవాళ్ళకి ఇచ్చెయ్యాలని. ముందుగా సరే అన్నది పైడమ్మే.

మొదటిసారి ఒక తాగుబోతు మడి బీడుపడింది. సన్యాసమ్మ తీసి ఇంకొకరికి ఇచ్చింది. అందరూ మంచి పని చేశావన్నారు.

రెండోసారి ఒక కుటుంబం పని వెతుక్కుంటూ పై ఊరు పోయింది. వాళ్ళ మడీ తీసి ఇంకొకరికి ఇచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తర్వాత మూడోసారి, పైడమ్మ మడి బీడుపడింది.

నిజానికి ఆ తోటంతటికీ పైడమ్మ మడే అందంగా ఉండేది. అలాంటిది, ఆ ఏడాది మిరపనారు వంకరటింకరగా నాటింది. కలుపు తియ్యబోయి నారంతా పీకేసింది. అప్పుడు పక్క మడివాళ్ళు నవ్వారు. ఆ తర్వాత రావడమే మానేసింది. తుంగ మొలిచింది, వయ్యారిభామ కలుపు పెరిగి పూలు పూసింది. ఆ గింజలు ఎగిరి అందరి మళ్ళల్లో పడుతున్నాయి.

సన్యాసమ్మకి పొద్దస్తమానం నీళ్ళ వంతుల తగవులు తీర్చడమే సరిపోయేది. పైడమ్మ ఇంటికెళ్ళి కూర్చుని ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. అందుకని వెళ్ళకుండా మనుషుల చేత కబురు పంపింది. రేపొస్తానంది పైడమ్మ. మళ్ళీ పంపింది, మళ్ళీ రేపే అంది. ఇంకోసారీ అంతే.

అప్పుడు తోటలో గుసగుసలు మొదలయ్యాయి. "పెద్దకి తనవాళ్ళకో కట్టుబాటు, మనకో కట్టుబాటు" అన్నారు. ఆ మాట సన్యాసమ్మ చెవిన పడింది. ముల్లులా గుచ్చుకుంది. పైగా దాలమ్మ అనే పిల్ల మడి కోసం కాచుకుని ఉంది. మొగుడు పోయాడు, చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఒకర్తి.

సన్యాసమ్మ సంఘాన్ని బావి దగ్గర కూర్చోబెట్టింది. పైడమ్మ కూడా వచ్చి వెనకాల కూర్చుంది, తల దించుకుని.

"వదినా, ఏమంటావు?" అంది సన్యాసమ్మ.

"ఇచ్చెయ్యండి" అంది పైడమ్మ. అంతే. లేచి వెళ్ళిపోయింది.

వెళ్తూ వెళ్తూ ఆవిడ గట్టు దిగి ఎవరిదో తోటకూర మడిలోంచి నడిచింది. లేతమొక్కలన్నీ కాళ్ళకింద నలిగిపోయాయి. అందరూ అయ్యయ్యో అన్నారు. సన్యాసమ్మకి ఒళ్ళు మండింది. తన పెద్దగొంతుతో అరిచింది.

"కోపముంటే నా మీద చూపించు వదినా. మొక్కలేం చేశాయి నిన్ను?"

పైడమ్మ ఆగింది. వెనక్కి తిరగలేదు. కాలితో గట్టు తడుముకుని, ఎక్కి, మెల్లగా వెళ్ళిపోయింది.

అందరూ చూశారు తల్లీ. కాలితో తడుముకోవడం అందరూ చూశారు. ఎందుకో మాత్రం ఎవరికీ తట్టలేదు.

దాలమ్మ మడి బాగుచేసుకుంది. బెండ వేసింది. బెండ మొలిచాక ఒకరోజు పైడమ్మ కోడలు నీళ్ళకొచ్చింది. చేద లాగుతూ లాగుతూ ఏడ్చింది. సన్యాసమ్మ ఏమైందని అడిగింది.

"అత్తకి చూపు పోయింది పిన్నీ. చెంబు అనుకుని నేలమీద నీళ్ళు పోసేస్తోంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. కంటి నరం ఎండిపోయింది, ఇంక రాదన్నారు. రెండేళ్ళ నించీ తగ్గుతోందట. మాతో కూడా చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదే?"

"తెలిస్తే మడి తీసేస్తారని."

సన్యాసమ్మ చేద అందుకుని తనే నీళ్ళు తోడిపెట్టింది. తను అరిచిన మాట తన చెవుల్లోనే మళ్ళీ మోగింది.

ఆ సాయంత్రం వంకాయలు ఒళ్ళో పోసుకుని పైడమ్మ ఇంటికెళ్ళింది. పైడమ్మ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చునుంది. సన్యాసమ్మ వదినా అంది. పైడమ్మ ముఖం గోడవైపు తిప్పుకుంది. వంకాయలు అక్కడ పెట్టి సన్యాసమ్మ తిరిగి వచ్చేసింది.

రెండోసారి వెళ్ళి, "నా మడిలో సగం నీది, ఇద్దరం చేసుకుందాం" అంది. అప్పుడు పైడమ్మ మాట్లాడింది. "నేను పీకేది కలుపో మొక్కో నాకే తెలీదు. నీకు శ్రమ ఎందుకు" అంది.

మూడోసారి వెళ్ళేసరికి దాలమ్మ కూడా వెంట వచ్చింది, పిల్లాణ్ణి చంకనేసుకుని. "నీ మడి నువ్వే తీసుకో పెద్దమ్మా, నాకు తెలీక పుచ్చుకున్నాను" అంది. పైడమ్మ చెయ్యి చాపింది. పిల్లాడి కాలు చేతికి తగిలింది. కాసేపు ఆ పాదం పట్టుకునే కూర్చుంది.

"నీకు పిల్లలున్నారు. ఉంచుకో" అంది. ఆ తర్వాత సన్యాసమ్మ వైపు తిరిగి, "ఒక్కసారి తీసుకెళ్తావా?" అంది.

సన్యాసమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఇంకా పొద్దు పూర్తిగా కుంకలేదు. అప్పుడే నీళ్ళు పెట్టిన మళ్ళు. పైడమ్మ గట్టు మీద కూర్చుని తడిమట్టిలో చేతులు పెట్టింది. బెండ ఆకుల్ని ఒక్కొక్కటీ నిమిరింది, నూగు గుచ్చుకుంటున్నా. అటూ ఇటూ తల తిప్పి వాసన పీల్చింది. ఎవరి పందిరి పూతకొచ్చిందో, ఎవరు పేడ వేశారో చెప్పింది. ముఖం వెలిగింది. సన్యాసమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఇంక రోజూ తీసుకొస్తాననుకుంది మనసులో.

"వదినా, ఆ రోజు అరిచాను" అంది సన్యాసమ్మ.

"తెలిసి అరవలేదు కదా" అంది పైడమ్మ. "నేనూ చెప్పలేదు కదా."

ఆ తర్వాత పైడమ్మ చేతులు దులుపుకుని లేచింది. ముఖంలో వెలుగు పోయింది.

"ఇంక నన్ను ఇక్కడికి తీసుకురాకు వదినా. ఈ వాసన తగిలితే ఇంటికి పోవాలనిపించడం లేదు. ఇంట్లోనే కదా నేనుండాల్సింది."

సన్యాసమ్మ ఎంతో బతిమాలింది. పైడమ్మ వినలేదు. అన్నట్టే మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

కళ్ళొచ్చాయా అమ్మమ్మా అని అడుగుతావు కదూ. రాలేదు బంగారం. సన్యాసమ్మ పెద్దగా ఉండలేనంది, కానీ సంఘం ఒప్పుకోలేదు. అప్పుడు ఆవిడ ఒక్కటే అడిగింది. ఇక మీదట ఎవరి మడి బీడుపడినా, కబురు పంపడం కాదు, పెద్దగా ఉన్నవాళ్ళు స్వయంగా ఆ ఇంటికెళ్ళి, కూర్చుని, నెమ్మదిగా అడగాలని. సరేనన్నారు. అలా అడగబట్టి ఒక మంచాన పడ్డావిడ మడికి మిగతావాళ్ళు నీళ్ళు పోశారు, ఒక బాలింత మడి కోత కోసిపెట్టారు. పైడమ్మ మడి మాత్రం దాలమ్మదైపోయింది.

సన్యాసమ్మ రోజూ సాయంత్రం తోట పని అయ్యాక బావి దగ్గర కుంకుడు నురగతో మోచేతుల దాకా తోముకునేది. గోళ్ళ సందుల్లో మట్టి కూడా పోగొట్టుకునేది. తోట వాసన అంటిన చీర మార్చుకునేది. అప్పుడు పైడమ్మ అరుగు మీదికెళ్ళి కూర్చునేది. ఇద్దరూ పిల్లల గురించి మాట్లాడుకునేవారు, మిల్లు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవారు. తోట మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు.

దగ్గరికి జరుగు తల్లీ, దుప్పటి కప్పుతాను.

కథ కదిలె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
చెయ్యి పట్టుకో, పోదాం మనింటికి.