బుద్ధావారి కార్లోంచి చార్జింగ్ దిగిపోయింది

మండపేట అవతల, కాలవ పక్కన ఓ ఊళ్ళో బుద్ధావారని ఓ కుటుంబం ఉంది. ఇంటిపేరే బుద్ధా కాబట్టి తమకి బుద్ధి పుట్టుకతోనే వచ్చేసిందని వాళ్ళ నమ్మకం.

"మనింట్లో ఒక మాటకి ఒకటే అర్థంరా తమ్ముడూ. రెండో అర్థం వెతికేవాడు మోసగాడు," అనేవాడు పెద్దవాడు సూరన్న.

"మరే!" అనేది అతని భార్య మంగాయమ్మ.

తమ్ముడు గవర్రాజు తలూపేవాడు. పాపం, అతనికి పెళ్ళి కావాలి. ముప్ఫయ్యేళ్ళు దాటిపోయాయి. వచ్చిన సంబంధమల్లా వచ్చిన దారినే పోయేది. ఒకాయన "మా పిల్లని కళ్ళల్లో పెట్టుకుని చూసుకోవాలండీ" అన్నాడు. "అంత పిల్ల కళ్ళల్లో ఎలా పడుతుందండీ? పోనీ పట్టిందే అనుకోండి, ఇంక చూసేది దేంతో?" అని సూరన్న నిలదీశాడు. అంతే, ఆ సంబంధమూ పోయింది. గవర్రాజు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఇప్పుడు ఆలమూరు నుంచి ఓ సంబంధం వచ్చింది. పిల్ల పేరు సత్యవేణి. ఫొటో చూసిన దగ్గర్నుంచీ గవర్రాజుకి మనసు మనసులో లేదు. ఇది కూడా తప్పిపోతే తనకింక పెళ్ళి లేనట్టేనని భయం పట్టుకుంది.

పెళ్ళిచూపులకి దర్జాగా వెళ్ళాలని సూరన్న కరెంటు కారు కొన్నాడు. షోరూములో అతను తాళాలిస్తూ, "చార్జింగ్ ఫుల్లుగా ఎక్కించానండి. దిగిపోకుండా చూసుకోండి," అన్నాడు. అంతే, ఇంటిదాకా వెనక సీట్లో మంగాయమ్మ ఒక తలుపూ, ముందు సీట్లో గవర్రాజు ఒక తలుపూ గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. తర్వాత నాలుగు రోజులూ ఏసీ వేసుకుని ఊరంతా తిరిగి అందరికీ కారు చూపించారు.

కారుకి కరెంటు కావాలి కదా, డాబా మీద సోలార్ పలకలు పెట్టించారు. బిగించినతను వెళ్తూ వెళ్తూ, "ఎండ బాగా కాసిందంటే మీ మీటరు వెనక్కి తిరుగుతుందండి. అలా తిరిగితే మీకు లాభం," అన్నాడు.

సూరన్న పొద్దున్నుంచీ మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎండ మండిపోతోంది. మీటరు అతని వంకే చూస్తోంది గానీ వెనక్కి తిరగట్లేదు.

"మిమ్మల్ని చూసి సిగ్గుపడుతోందేమో! మీరే అటు తిరగండి," అంది మంగాయమ్మ.

తిరిగాడు. అయినా అది తిరగలేదు.

"కొత్త కదా, మనమే అలవాటు చెయ్యాలి," అని సూరన్న స్క్రూడ్రైవరు తెచ్చి, మీటరు ఊడబీకి, దాని మొహం గోడవైపు పెట్టి బిగించబోయాడు. ఇంకేముంది, ఠప్పుమని నిప్పులు రాలాయి. ఇంట్లో కరెంటు పోయింది.

"ఎటు పోయిందే?" అన్నాడు సూరన్న.

"నాకేం తెలుసు, నేను మీ దగ్గరే ఉన్నాను. వీధి తలుపు బార్లా తీసే ఉంది మరి!"

గవర్రాజు వీధి చివరిదాకా పరిగెత్తి, రెండు పక్కలా చూసి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

మర్నాడు, పెళ్ళిచూపుల రోజు పొద్దున్న లైన్‌మన్ వచ్చాడు. మీటరు చూసి తల పట్టుకున్నాడు. "ప్రాణాలు పోయేవి కదయ్యా! అసలు బుద్ధుందా మీకు?"

"ఇంటిపేరే అదండీ," అన్నాడు సూరన్న గర్వంగా.

లైన్‌మన్ మీటరు బాగుచేసి వెళ్ళిపోయాడు. అప్పటికే బయల్దేరే వేళైపోయింది. రాత్రంతా కారుకి ప్లగ్గు పెట్టే ఉంచారు కాబట్టి వాళ్ళకి ఏ దిగులూ లేదు. కొత్త బట్టలు కట్టుకుని కారెక్కారు.

తీరా ఆలమూరు పొలిమేరకి వచ్చాక కారు మూలిగి ఆగిపోయింది. మోటారు సైకిలు మీద పోతున్న పాలతను ఒకసారి లోపలికి తొంగిచూసి, "చార్జింగ్ దిగిపోయిందండి," అని తన దారిన తను పోయాడు.

గవర్రాజు గబుక్కున వెనక్కి తిరిగాడు. "ఎప్పుడు దిగింది వదినా? నీ పక్క తలుపేగా!"

"నేను రెప్ప వేస్తే ఒట్టు! నీ పక్కనుంచే దిగుంటుంది. నువ్వు ఆ ఫొటో చూసుకుంటూ కూర్చున్నావుగా!"

"ఎంతో దూరం పోయుండదు, వెతకండి," అన్నాడు సూరన్న.

ఎదురుగా టీ కొట్టుంది. గవర్రాజు ఆయాసపడుతూ అక్కడికి పరిగెత్తాడు. పిల్లనిచ్చేవాళ్ళ ఊరు కదా, మర్యాద తప్పకూడదు. "ఏవండీ, మా కార్లోంచి దిగిపోయారండీ. ఇటేమైనా వచ్చారా?"

"ఎవరండి? ఎలా ఉంటారు?" అన్నాడు కొట్టతను.

"ఎలా ఉంటారో చూళ్ళేదండీ. ఎక్కినప్పుడు మాత్రం ఫుల్లుగా ఉన్నారంట."

"ఆయ్, ఫుల్లుగా ఉన్న ఆయనా! అదిగోండి, బల్ల కింద."

బల్ల కింద లుంగీ కట్టుకుని ఓ పెద్దమనిషి గుర్రుపెడుతున్నాడు. గవర్రాజుకి ప్రాణం లేచొచ్చింది. "అన్నయ్యా, చార్జింగ్ దొరికింది!" అని కేకేశాడు. ముగ్గురూ కలిసి ఆయన్ని కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎత్తి వెనక సీట్లో ఎక్కించారు. మళ్ళీ దిగిపోకుండా బెల్టు బిగించారు.

"ఏంటండీ ఈ కంపు?" అంది మంగాయమ్మ ముక్కు మూసుకుని.

"కరెంటు వాసన. అలాగే ఉంటుంది," అన్నాడు సూరన్న.

అయినా కారు కదల్లేదు. "ఎక్కింది గానీ ఇంకా పట్టలేదు. పట్టేదాకా తోద్దాం," అన్నాడు. అంతే, ముగ్గురూ చెమటలు కక్కుతూ కారు తోసుకుంటూ ఊళ్ళోకి వచ్చారు. చార్జింగ్ గారు దారిపొడుగునా గురక.

సత్యవేణి తండ్రి ధర్మయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆలస్యమైందని మొహం గంటు పెట్టుకున్నాడు. ఇంతలో ఆయన భార్య కారు లోపలికి చూసి కెవ్వుమంది. "మా తమ్ముడు! మా పోలయ్య!"

నిన్నటినుంచీ పోలయ్య జాడ లేదట. మేనమామ లేందే పిల్లని చూపించేది లేదని ఆవిడ పొద్దున్నుంచీ ఒకటే ఏడుపట.

"మీకెక్కడ దొరికాడు నాయనా?" అన్నాడు ధర్మయ్య.

"దారిలో దిగిపోయారండీ. మళ్ళీ ఎక్కించుకొచ్చాం," అన్నాడు గవర్రాజు.

ధర్మయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "ముక్కూ మొహం తెలియని తాగుబోతుని ఇంత ఎండలో తోసుకుంటూ తెచ్చారు! ఇంతకన్నా మంచివాళ్ళు నాకెక్కడ దొరుకుతారు?" అన్నాడు. అక్కడికక్కడే తాంబూలాలు పుచ్చేసుకున్నారు. తలుపు చాటునుంచి సత్యవేణి నవ్వింది. గవర్రాజుకి ఏడుపొచ్చినంత సంతోషం వేసింది.

ధర్మయ్య వాళ్ళింట్లోనే కారుకి చార్జింగ్ పెట్టించాడు. బయల్దేరేటప్పుడు సూరన్న చేతులు పట్టుకుని, "మా సత్యవేణి ఈ ఇంటి వెలుగండీ. రేపు మీ ఇంట్లో కాలు పెట్టిందంటే మీ ఇల్లంతా వెలుగే," అన్నాడు.

దారంతా సూరన్న ఆలోచిస్తూనే ఉన్నాడు. ఇంటికి రాగానే సోలార్ అతనికి ఫోన్ చేసి, "పలకలు విప్పుకుపోవయ్యా, మా మరదలు వస్తోంది," అన్నాడు. కరెంటాఫీసుకి వెళ్ళి లైను కూడా తీయించేశాడు.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. కొత్త దంపతులు ఇంటికొచ్చేసరికి మునిమాపు వేళైంది. ఇంట్లో చీకటి. సత్యవేణి కుడికాలు లోపల పెట్టింది. సూరన్న, మంగాయమ్మ, గవర్రాజు ముగ్గురూ తలెత్తి బల్బు వంక చూశారు. వెలగలేదు.

"రెండో కాలు కూడా పెట్టమ్మా," అంది మంగాయమ్మ.

పెట్టింది. అయినా వెలగలేదు.

సత్యవేణి చీకట్లో గోడ తడుముకుంటూ, "స్విచ్ ఎక్కడుందండీ?" అంది మెల్లగా.

గవర్రాజు ఆమెని తలనుంచి కాళ్ళదాకా ఓసారి చూశాడు.

"మీ నాన్నగారు చెప్పలేదండీ," అన్నాడు.