ముందు సీట్లో కూర్చున్న ఆవిడ

మొదట్లో దొరబాబు చేతిలో ఉన్నది ఎనభై ఆరు వేలు. దానికి తోడు బోలెడంత తెలివి.

తెలివి వాళ్ళింట్లో అతనొక్కడికే కాదు, అందరికీ ఉంది. మేనమామ గవర్రాజుకుంది, అక్క కనకరత్నానికుంది. ముత్యాలగరువులో ఇంకెవరికైనా కాస్త తెలివి ఉందంటే, అది తమ పిట్టగోడ మీంచి అటు దూకినదే అయ్యుంటుందని కనకరత్నం గట్టిగా నమ్మేది. దొరబాబు మరీ లెక్కల్లో దిట్ట. సెకండ్‌హ్యాండ్ ట్రాలీ ఆటో అమ్మేవాడు డెబ్బై ఎనిమిది వేలు అడిగితే, గంటసేపు బేరమాడి ఎనభై వేలకు ఒప్పించాడు. గుండ్రటి అంకె అయితే లెక్క పెట్టుకోవడం సులువు కదా అని ఇంటికొచ్చి చెప్పాడు. మావయ్య భుజం తట్టాడు. మిగిలిన ఆరు వేలకు దారి చూపించే ఫోను కొన్నాడు.

అంతే, వ్యాపారం మొదలైపోయింది. మొదటి కిరాయి కూడా దొరికింది. కొల్లాలంకలో రొయ్యల చెరువులున్న సోమరాజు గారు కబురు పెట్టారు. రేపు వల దించుతున్నాం, మీ పక్క వీధి ఫ్యాక్టరీ నుంచి పది దిమ్మల ఐసు తెచ్చిపెట్టు, సమయానికి తెస్తే సీజనంతా నీ బండే అన్నారు. దొరబాబుకి ఆ పూట అన్నం సహించలేదు. సీజనంతా అంటే అక్క చేత కుట్టుపని మాన్పించవచ్చు, మావయ్యకి కళ్ళజోడు కొనవచ్చు, బండికి పోయిన మీటరు బాగుచేయించవచ్చు. చిక్కల్లా ఒకటే. కొల్లాలంకకి దారి తెలియదు.

ఫోను కొట్టువాడు దారి చూపే యాప్‌లు మూడు వేసిచ్చాడు. ఒకదానిలో ఎర్ర బాణం, ఒకదానిలో పచ్చ బాణం, ఇంకొకదానిలో నీలం బాణం. మూడింటినీ సోమరాజు గారి చెరువుకి దారి అడిగారు. పచ్చ బాణం ముప్పై అయిదు నిమిషాల్లో చేరతారంది. ఎర్ర బాణం నలభై అంది. నీలం బాణం యాభై అయిదు అంది.

కనకరత్నం ఆలోచించే పనే పెట్టుకోలేదు. నీలమే తీసుకోమంది. మూడూ ఊరికే ఇస్తున్నప్పుడు ఎక్కువ దారి ఇచ్చేదాన్ని వదిలి తక్కువ దారి ఇచ్చేదాన్ని ఎవరు తీసుకుంటారంది. ఆ మాటా నిజమే అనిపించింది. కానీ దొరబాబు వ్యాపారస్థుడు. పరీక్షించకుండా దేన్నీ నమ్మడు.

ఇంకేముంది, ముగ్గురూ వెళ్ళి వాకిట్లో ఉన్న బండెక్కారు. పచ్చ బాణాన్ని నొక్కారు. ముప్పై అయిదు నిమిషాల్లో చేరతారని అది మాటిచ్చింది కాబట్టి చేతులు కట్టుకుని కూర్చున్నారు. ముప్పై అయిదు నిమిషాలయ్యాక గవర్రాజు తల బయటపెట్టి చూశాడు. ఎదురుగా వాళ్ళ దండెం మీద వాళ్ళ దుప్పటే ఆరుతోంది.

"ఇది అబద్ధాలకోరురా అబ్బాయ్," అన్నాడు. "ఇంటి గుమ్మం కూడా దాటించలేదు."

పచ్చ బాణాన్ని తీసేశారు. ఎర్ర బాణంతో నలభై నిమిషాలు కూర్చున్నారు. మళ్ళీ అదే దండెం, అదే దుప్పటి. దాన్నీ తీసేశారు. ఇక నీలం బాణం. యాభై అయిదు నిమిషాలు కూర్చుని చూస్తే, ఇంకా యాభై ఎనిమిది నిమిషాలు పడుతుందని చూపించింది. కొల్లాలంక వైపు రద్దీ పెరిగిందట.

దొరబాబు మనసు కరిగిపోయింది. "చూశారా, చేర్చలేకపోయానని ఒప్పుకుంది. పైగా ఎంత ఆలస్యమవుతుందో లెక్కేసి మరీ చెప్పింది. నాకు ఇలాంటి మనిషే కావాలి."

అలా నీలం బాణాన్ని ఎంచుకున్నారు. దానిలో మాట్లాడేది పెద్దావిడ గొంతు. ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. పెద్దవాళ్ళు, అందులోనూ ఆడవాళ్ళు మాట్లాడుతుంటే, చేస్తున్న పని ఆపి, లేచి నిలబడి వినాలి. విన్నాక అలాగేనండీ అనాలి. వాళ్ళ నాయనమ్మ నాటి నుంచీ వస్తున్న మర్యాద అది. ఈవిడ మాత్రం ఏం తక్కువ?

తెల్లారి ఆరింటికల్లా ఐసు ఫ్యాక్టరీలో వీరభద్రం పది దిమ్మలూ ఎక్కించాడు. మీద ఊక పోసి, తడి గోనెలు మందంగా కప్పాడు. ఐసుకి వేడి తగలనివ్వకండి, ఎండ ముదరకముందే చేరండి అని చెప్పి లోపలికి పోయాడు.

బండి వీధి మలుపు తిరగ్గానే గవర్రాజుకి అనుమానమొచ్చింది. దుప్పటి కప్పుకుంటే మనిషికే ఉక్కపోస్తుంది. ఇన్ని గోనెలు కప్పితే ఐసుకి ఎంత ఉక్కపోయాలి? వేడి తగలనివ్వద్దని చెప్పిన మనిషే ఇలా కప్పాడంటే, పాపం పెద్దవాడైపోయాడు, మరిచిపోయుంటాడు. అంతే, గోనెలన్నీ తీసేశారు. ఊకంతా ఊడ్చేశారు. కనకరత్నం ఆ గోనెలు మడిచి ముందు సీట్లో మెత్తగా పరిచి, దాని మీద ఫోనుని కూర్చోబెట్టింది. పెద్దావిడ, గతుకుల్లో నడుం పట్టేస్తుందేమోనని. తనూ మావయ్యా వెనకాల దిమ్మల మీద కూర్చుని, చెరో విసనకర్ర తీసుకుని ఐసుకి విసరడం మొదలుపెట్టారు. ఎండలో గాలి ఎంత బాగా తగిలితే ఐసు అంత చల్లగా ఉంటుందని వాళ్ళ లెక్క.

కాస్త దూరం వెళ్ళారో లేదో, ఆవిడ నోరు విప్పింది. నేరుగా వెళ్ళండి అంది. దొరబాబు బండాపి, కిందికి దిగి, చేతులు కట్టుకుని, అలాగేనండీ అన్నాడు. వెనకాల వాళ్ళిద్దరూ దిమ్మల మీద లేచి నిలబడ్డారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ కదిలారు. మళ్ళీ ఆవిడ మాట్లాడింది. మళ్ళీ దిగాడు. వెనకాల బస్సువాడు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయి, ఏమైందయ్యా అని అడిగితే, పెద్దావిడ మాట్లాడుతుంటే ఆ కూతలేంటండీ అని గవర్రాజే వాణ్ణి మందలించాడు.

అప్పుడు ఆవిడ, మూడు వందల మీటర్ల తర్వాత కుడివైపు తిరగండి అంది.

బండి మీటరు పనిచేయదు. మరి మూడు వందల మీటర్లు ఎక్కడికి అవుతాయో తెలిసేదెలా? దొరబాబు తల గోక్కున్నాడు. రెండు క్షణాల్లో లెక్క తేలిపోయింది. మొదటి కిరాయి చేతికందేటప్పుడు కట్టుకుందామని కనకరత్నం కవరులో కొత్త చీర తెచ్చుకుంది. చీరంటే అయిదున్నర మీటర్లు. అంటే యాభై నాలుగు చీరలు, ఆ పైన ఇంకో మూడు మీటర్లు.

ఇంకేముంది, రోడ్డు మీద చీర పరిచారు. ఒక కొస అక్క పట్టుకుంది, ఇంకో కొస మావయ్య పట్టుకున్నాడు. కొలవడం, లేవడం, మళ్ళీ పరవడం. మధ్యలో ఒక గేదె చీర మీద నిలబడి కదలనంది, దాంతో లెక్క మళ్ళీ మొదటి నుంచి. దొరబాబు వెనకాలే బండి తోలుకుంటూ చీరలు లెక్కపెట్టాడు. ఎండ చుర్రుమంది. బండి అడుగు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. కొత్త రోడ్డు కదా, దుమ్ము లేవకుండా ఐసే నీళ్ళు చల్లుతోందని కనకరత్నం మెచ్చుకుంది.

సరిగ్గా మూడు వందల మీటర్ల దగ్గర కుడివైపు ఒక ఇంటి గేటుంది. దానికి పది మీటర్ల అవతల సందుంది.

"సందు అక్కడుంది కదరా తమ్ముడూ," అంది కనకరత్నం.

"అది మూడు వందల పది, అక్కా. ఆవిడ మూడు వందలంది. లెక్క తెలిసిన మనిషి ఊరికే అంటుందా?"

అంతే, బండి గేట్లోంచి లోపలికి పోయింది. వాకిట్లో మంచం మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాలు మంచంతో సహా చక్రాల కిందికి వెళ్ళాయి. ఒక ముసలావిడ చీపురుతో బయటికొచ్చింది.

"ఎవర్రా మీరు, నా వాకిట్లో ఏం పని?"

"మీ ఇంట్లోంచే దారని ఈవిడ చెప్పారండీ," అన్నాడు దొరబాబు.

"ఎవరా ఈవిడ?"

"ముందు సీట్లో కూర్చున్నావిడండీ."

ముసలావిడ వంగి చూసింది. గోనెల మీద ఫోను తప్ప ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే ఆ ఫోను, దారి మళ్ళీ లెక్క వేస్తున్నాను అంది. ముగ్గురూ గబుక్కున చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆవిడ లెక్క వేసుకుంటుంటే కదిలితే తప్పిపోతుందని ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. ముసలావిడకి భయమేసింది. చీపురు మెల్లిగా కింద పెట్టి, కొల్లాలంకకైతే ఆ పక్క సందులోంచి పోయి కాలవ గట్టెక్కండి నాయనా అంది. మీకు తెలిసే ఉంటుందండీ, కానీ ఇప్పుడు మీ మాట వింటే ఈవిడ నొచ్చుకుంటారని దొరబాబు మర్యాదగా చెప్పి, బండి వెనక్కి తీశాడు. మిగిలిన వడియాలు అప్పుడు నలిగాయి.

పెద్ద రోడ్డెక్కాక ఆవిడ, రెండు కిలోమీటర్లు నేరుగా వెళ్ళండి అంది. దొరబాబు నేరుగా పోనిచ్చాడు. కొంత దూరం వెళ్ళాక రోడ్డు మాత్రం నేరుగా పోలేదు, ఎడమకి ఒంపు తిరిగింది. రోడ్డుకి బుద్ధి లేకపోతే మనకుండొద్దా అనుకున్నాడు. ఇంకేముంది, బండి గట్టు దిగి, నాట్లు వేస్తున్న చేలో నడుందాకా కూరుకుపోయింది.

నాట్లు వేసే ఆడవాళ్ళు నారుకట్టలు పట్టుకుని చుట్టూ మూగారు. ఎక్కడికి బాబూ ఇటు అని అడిగితే, నేరుగానండీ అన్నాడు. వాళ్ళు నవ్వలేక బురదలో కూలబడ్డారు. ముగ్గురూ దిగి తోశారు, కదల్లేదు. కాసేపటికి గవర్రాజు, బండి పైకి తేలుతోందిరా, తేలికవుతోంది అన్నాడు. చూస్తే దిమ్మలు సగమయ్యాయి.

"ఎంత మంచి ఐసో చూడు," అంది కనకరత్నం, కళ్ళు తుడుచుకుంటూ. "మనం కష్టపడుతున్నామని దాని బరువు అదే తగ్గించుకుంటోంది."

ఐసు ఇంకా సాయం చేస్తుందేమోనని గట్టు మీద కూర్చుని ఎదురుచూశారు. అది చేయగలిగినంతా చేసింది. చివరికి అటుగా పోతున్న ట్రాక్టరాయన జాలిపడి తాడు కట్టి బండిని బయటికి లాగాడు. ఎక్కడికని అడిగాడు. సోమరాజు గారి చెరువుకని చెప్పారు. నేనూ అక్కడికే మేత బస్తాలు వేసుకుని పోతున్నానని, మళ్ళీ తాడు విప్పడమెందుకని, చెరువు గట్టు దాకా బండిని లాక్కుపోయి వదిలాడు.

మీరు గమ్యం చేరుకున్నారు అంది ఆవిడ. దొరబాబు దిగి, మీ దయండీ అని ఫోనుకి దణ్ణం పెట్టాడు. ట్రాక్టరాయన ఒక చూపు చూసి తన దారిన తను పోయాడు.

అప్పటికి పదకొండయింది. సోమరాజు గారు గొడుగు కింద కుర్చీలో కూర్చుని ఉన్నారు. లేచొచ్చి బండిలోకి తొంగి చూశారు. తడి చెక్కలు, రెండు విసనకర్రలు.

"ఐసేదిరా?"

"ఇక్కడే ఉండాలండీ," అన్నాడు దొరబాబు. మావయ్య కేసి చూశాడు. మావయ్య బండి కిందికి వంగి చూశాడు. అక్క గోనెలెత్తి చూసింది.

"దారిలో ఎక్కడో దిగిపోయినట్టుందండీ," అన్నాడు గవర్రాజు.

సోమరాజు గారు చెక్కల మీది తడిని చేత్తో తడిమి చూసుకున్నారు. తర్వాత మెల్లిగా చెప్పారు.

"గవర్రాజు మేనల్లుడి బండి కదా అని అనుమానమొచ్చి నేనింకా వల దించలేదు. కాబట్టి బతికిపోయావు. సాయంత్రం నాలుగింటికి దించుతాను. అప్పటికి ఐసు గట్టు మీద ఉంటే సీజనంతా నీదే. లేకపోతే ఆ బండి నాకు కనపడకూడదు. అర్థమయిందా?"

"ఆయ్, అర్థమయిందండీ."

ఆయన మళ్ళీ వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. అక్క కుట్టుమిషను, మావయ్య కళ్ళజోడు, అన్నీ దొరబాబు కళ్ళముందు తిరిగాయి. ముందు పారిపోయిన ఐసు ఎక్కడుందో తెలియాలి. ఫోను చేతిలోకి తీసుకుని, అమ్మా, ఐసెక్కడుందండీ అని వినయంగా అడిగాడు.

నీలం బాణం గిర్రున తిరిగింది. ముత్యాలగరువులో, వాళ్ళ పక్క వీధిలో, ఫ్యాక్టరీ మీద చుక్క పెట్టి చూపించింది.

ముగ్గురూ తలలు దగ్గరపెట్టి ఆ చుక్కనే చూశారు.

"ఇంటికెళ్ళిపోయింది," అన్నాడు గవర్రాజు చివరికి.

దొరబాబు మనసులో లెక్కలు చకచకా పరుగెత్తాయి. మనకి అయిదు గంటలు పట్టింది. ఐసు చేలో దిగి గంట కూడా కాలేదు, అప్పుడే ఇంట్లో ఉంది. దానికి బండి లేదు. చీరతో కొలవలేదు. ఎవరి వడియాలూ తొక్కలేదు. అంటే దాని దగ్గర ఇంతకంటే మంచి యాప్ ఉందన్నమాట.

"అదీ ఊరికే ఇస్తారంటావా?" అంది కనకరత్నం.

కనుక్కుందాం అన్నాడు. నీలం బాణం ఆవిడకి మూడుసార్లు క్షమాపణ చెప్పి, కళ్ళు మూసుకుని తీసేశాడు. తీశాక గానీ గుర్తురాలేదు, ఇప్పుడు ఇంటికి దారెలా అని. గవర్రాజు ఎందుకురా కంగారు అన్నాడు. ఈ కాలవ గట్టే పట్టుకుంటే ఇరవై నిమిషాల్లో మన వీధట, చిన్నప్పుడు రోజూ సైకిలు మీద ఇక్కడికే చేపలకొచ్చేవాడట.

"మరి పొద్దున చెప్పలేదేం మావయ్యా?"

"నన్నెవరడిగారు? ఫోన్నే అడిగారు కదా."

అదీ నిజమే. దొరబాబు బండెక్కి తాళం తిప్పాడు. నాలుగింటికి ఇంకా బోలెడు టైముంది, తొందర లేదు. వీరభద్రం దిమ్మలు ఎక్కిస్తానంటే ముందు ఆగమనాలి. వాటిలో పెద్దగా, బుద్ధిమంతురాలిలా కనపడే దిమ్మని ఒకదాన్ని ఎండలో కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి, ఏ యాప్ వాడతారండీ అని మర్యాదగా అడగాలి. అది నోరు విప్పేదాకా బండి కదిలేది లేదు.